నీవు అని రాయాల్సిన చోట

పోయిన వారం మనం పిట్టని రికార్డింగు గదిలో మైకు ముందు నిలబెట్టి వదిలేశాం. వారం రోజులు అలా నిలబడి పాపం ఆవిడకు కాళ్ళు పీకుతూ ఉంటాయి. అయినా కథ మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. ఇరవై రెండేళ్ళు స్టేజీల మీదా సినిమాల్లోనూ హుషారు పాటలు పాడి, జనం చేత ఈలలు వేయించుకున్న గాయని పిట్ట. అసలు పేరు ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. నలభై ఒకటో ఏట ఒక జబ్బు చేసి గొంతు పోయింది. నెల తర్వాత తిరిగి వచ్చింది. అప్పుడు ఇక దేవుడి పాటలే పాడతానని నిశ్చయించుకుంది. పెద్ద సంగీత దర్శకుడు ఇంటికి వచ్చి మరీ అడిగితే "ఇక మీ పాటలు పాడను సార్" అని ముఖం మీదే చెప్పేసింది. అటు తలుపు మూసుకుపోయింది. ఇటు ఆవిడ చేతిలో ఉన్నది ఒక్కటే పాట, వచ్చే ఆదివారం చర్చిలో మొదటిసారి ముందు నిలబడి పాడాల్సిన పాట. ఆ పాట రాసిన మాస్టారు మూడు రోజుల జ్వరం నుంచి లేచి, ముందురోజు పూర్తయిన రికార్డింగు వినడానికి వచ్చారు. విని, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ పాట ఈవిడ గొంతుతో వద్దు" అన్నారు.

అక్కకి గుండెల్లో రాయి పడింది.

అక్క అంటే పిట్టకి అక్క, తొమ్మిదేళ్ళు పెద్ద. రికార్డింగు గదుల్లో అందరూ ఆవిడను అక్కా అనే పిలుస్తారు, ఆవిడకంటే పదేళ్ళు ముందు పుట్టినవాళ్ళు కూడా. ఆవిడ చేసే పని ఏమిటో చెబితే బయటివాళ్ళు నవ్వుతారు. పిట్టకి దగ్గరి అక్షరాలు ఆనవు. కళ్ళజోడు పెట్టుకోవే అంటే పెట్టుకోదు. మైకు ముందు కళ్ళజోడు పెడితే గొంతు కూడా ముసలిదైపోతుందని ఆవిడకో పిచ్చి నమ్మకం. అందుకని ప్రతి పాటనీ అక్క పొడుగాటి పుస్తకంలో వేలెడంత అక్షరాలతో తిరిగి రాస్తుంది. ఊపిరి తీసుకోవాల్సిన చోట చిన్న గీత, సాగదీయాల్సిన చోట ఎర్ర చుక్క. పాట నడుస్తుంటే పక్కన నిలబడి, కాగితం చప్పుడు కాకుండా పేజీ తిప్పుతుంది. అది అంత తేలికైన పనేం కాదు, కావాలంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఈ పత్రిక పేజీ తిప్పి చూడండి. అలాంటి పుస్తకాలు ఇప్పటికి నలభై మూడు నిండాయి. ఒక్కదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదని అక్కకి కొండంత గర్వం. ఎవరైనా ఇంటికి వస్తే కాఫీ కంటే ముందు బీరువా తెరిచి ఆ పుస్తకాలే చూపిస్తుంది.

చెల్లెలు దేవుడి పాటల్లోకి మళ్ళడం అక్కకి మొదట్లో నచ్చలేదు. "మంచం దిగగానే సన్యాసుల్లో కలుస్తానంటోంది" అని నలుగురిలోనూ వేళాకోళం చేసేది. చర్చి గడప కూడా తొక్కలేదు. కానీ పుస్తకం మాత్రం మానలేదు. నలభై నాలుగో పుస్తకం కొని, మొదటి పేజీలో ఈ పాటే రాసింది.

"ఏమైంది మాస్టారూ? శ్రుతి ఎక్కడైనా తప్పిందా?" అని అడిగింది అక్క.

"శ్రుతి నిక్షేపంగా ఉంది."

"మరి తాళమా?"

"తాళానికేం, దివ్యంగా ఉంది. చూడండమ్మా, డ్రమ్ములు పెడతామంటే ఒప్పుకున్నాను. గిటారు అన్నారు, సరే అన్నాను. కాలంతో పాటు మనమూ నడవాలని పాస్టరుగారు నచ్చజెబితే తల ఊపాను. అన్నీ వదులుకున్నాక నాకు మిగిలింది నా మాటలే కదా. అవైనా నావి నాకు ఉండాలి కదా."

మాస్టారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. ముప్పై ఆరేళ్ళు బడిలో వ్యాకరణం చెప్పారు. ఆ చర్చిలో పాడే పాటల్లో సగం ఆయన రాసినవే. మనిషి కాస్త చాదస్తం. ఎంత చిన్నవాళ్ళనైనా మీరు అంటారు. సొంత మనవరాలిని కూడా "మీరు పాలు తాగారా" అని అడుగుతారట. కోపం వచ్చినా గొంతు పెంచరు, ఇంకా నెమ్మదిగా మాట్లాడతారు. ఇప్పుడు అలాగే మాట్లాడుతున్నారు.

"నీవు పిలిచితే లేచినాను, నీవు నిలిపితే నిలిచినాను అని రాశాను నేను. పాట మొత్తంలో నీవు అన్న మాట పదకొండు చోట్ల ఉంది. ఈవిడ పదకొండు చోట్లా నువ్వు అన్నారు."

రికార్డింగు చేసే సౌండాయన ఎదురుగా ఉన్న మీటల మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. నిజానికి అక్కడ దుమ్మేమీ లేదు.

"ఒకచోట అయితే నోరు జారిందనుకునేవాణ్ణి. పదకొండు చోట్లంటే అది అలవాటమ్మా. ఇరవై రెండేళ్ళు ప్రియుణ్ణి పట్టుకుని నువ్వూ నువ్వూ అని పాడిన నోరు, దేవుడి ముందుకొచ్చినా అదే అంటుంది. నేను పుట్టి బుద్ధెరిగాక దేవుణ్ణి నువ్వు అని ఒక్క అక్షరం రాయలేదు. ఆవిణ్ణి తప్పుపట్టడం లేదు. ఆ గొంతు అలా అలవాటు పడింది, అంతే. ఆదివారం ఈ పాట మన ఆడపిల్లల బృందం పాడుతుంది."

అక్కకి ఒళ్ళు మండిపోయింది. తన చెల్లెలు కాగితంలో ఉన్న మాట మార్చి పాడటమా? సినిమాల్లో కొమ్ములు తిరిగిన కవులు కూడా పిట్ట చేత పాడిస్తే మాట పొల్లుపోదని సంబరపడేవాళ్ళు. ఆ ముక్క చెప్పి, రుజువుకి పుస్తకం ఆయన ముందు పెడదామని మైకు గదిలోకి వెళ్ళింది. స్టాండు మీద పుస్తకం తెరిచే ఉంది. మొదటి పంక్తి చూసింది. రెండో పంక్తి చూసింది. పేజీ తిప్పింది. ఈసారి చప్పుడయింది.

నువ్వు. నువ్వు. నువ్వు. తన చేతి రాతే, తన వేలెడంత అక్షరాలే. పదకొండు చోట్లా అలాగే ఉంది.

ఇలాంటి పొరపాటు ఎలా బయటపడకుండా ఉందా అని మీకు అనుమానం రావచ్చు. నీవు అన్నా నువ్వు అన్నా తాళానికి ఒక్కటే, రెండూ మూడేసి మాత్రలు. ఒక మాత్ర ఎక్కువైనా తక్కువైనా మొదటి పంక్తిలోనే డ్రమ్ముతో పేచీ వచ్చి పట్టుబడేది. పోనీ ఎవరైనా పాడి నేర్పారా అంటే అదీ లేదు. వరస కీబోర్డు మీద వాయించి పంపారు, మాటల కాగితం విడిగా వచ్చింది. మాస్టారేమో మంచం పట్టి ఉన్నారు. కాగితం చూసిన సౌండాయన తేడా గమనించినా, పెద్దలే మార్చుకుని ఉంటారులే అనుకున్నాడు. అలా నువ్వు అన్న మాట ఎవరూ ఆపకుండా దర్జాగా వచ్చి పాటలో కూర్చుంది.

అక్క వెనకే పిట్ట వచ్చింది. పుస్తకం వైపు చూసింది. ఆ దూరం నుంచి ఆవిడకు ఆ అక్షరాలు బాగానే ఆనుతాయి. తర్వాత అక్క ముఖం చూసింది. సంగతి అర్థమైపోయింది. చెయ్యి చాపి పుస్తకం మూసేసి, చంకలో పెట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"తప్పు నాదే మాస్టారూ. కాగితంలో సరిగ్గానే ఉంది. నాకే అలా వచ్చేసింది."

పిట్ట ఎవరి ముందూ తప్పు ఒప్పుకునే మనిషి కాదు. ఒకసారి వేలమంది జనం ముందు చరణం మరిచిపోయి కూడా, మైకు పాడైందని చెప్పి కొత్త మైకు తెప్పించుకున్న ఘనురాలు. అలాంటిది తనది కాని తప్పులు పదకొండూ మూటగట్టి నెత్తిన పెట్టుకుంది.

"కానీ ఒక మాట చెప్పనివ్వండి" అంది పిట్ట. "నా పాత పాటలకి నేను సిగ్గుపడను. శ్రుతిలో నిలబడటం అక్కడే నేర్చుకున్నాను. జనం గోల చేస్తుంటే వాళ్ళని నా వైపు తిప్పుకోవడం అక్కడే నేర్చుకున్నాను. ఆ గొంతు వదిలేసి రమ్మంటే నా దగ్గర ఇంకో గొంతు లేదండీ. ఉన్నదే తెచ్చి ఇచ్చాను. దేవుడికి అక్కర్లేదంటే ఆయన చెప్పాలి. మీరు చెబితే ఆదివారం మానేస్తాను, పాడటం మాత్రం మానను."

అది విని అక్కకి కడుపు నిండిపోయింది. ఇది నేను పెంచిన పిల్ల అని గదిలో నలుగురికీ చెప్పాలనిపించింది. అదే క్షణంలో తల కొట్టేసినట్టూ అయింది. ఎందుకంటే చెల్లెలి చంకలో మూసి ఉన్న ఆ పుస్తకంలో ఉన్నది తన పరువు. తను ఊరుకుంటే నలభై నాలుగు పుస్తకాలకీ మచ్చ ఉండదు. చెల్లెలికి ఉన్న ఒక్క పాటా పోతుంది. ఊరుకోకపోతే చర్చిలో, రికార్డింగు గదుల్లో, చివరికి ఇంటికొచ్చే చుట్టాల్లో కూడా అక్క రాత తప్పట అని చెప్పుకుంటారు. అక్క ఆలోచించిందేమీ లేదు. ఆలోచిస్తే ధైర్యం చాలదని ఆవిడకు తెలుసు.

"అబద్ధం చెబుతోంది మాస్టారూ. దేవుడి పాటల్లోకి వచ్చి ఆర్నెల్లు కాలేదు, అబద్ధాలాడటం మాత్రం మానలేదు" అని చెల్లెలి చంకలోంచి పుస్తకం లాగి, తెరిచి, బల్ల మీద పెట్టింది. "చూడండి. రాసింది నేను. రాసినట్టే పాడింది అది."

"అక్కా, నీకెందుకే" అంది పిట్ట చిన్నగా.

"నువ్వు నోరు ముయ్యవే. నా తప్పు నన్ను చెప్పుకోనీ."

మాస్టారు పుస్తకం దగ్గరికి లాక్కున్నారు. ముప్పై ఆరేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి దానంతట అదే జేబులోకి పోయి ఎర్ర కలం తీసింది. పదకొండు నువ్వులకీ వరసగా సున్నాలు చుట్టారు. మధ్యలో ఆగి, "ఇక్కడ వత్తు కూడా లేదు" అని అదీ పెట్టారు. అక్క చచ్చిపోలేదు గానీ ఆ ఛాయలకి వెళ్ళి వచ్చింది.

"చూసే రాశారు కదమ్మా. ఎదురుగా కాగితం పెట్టుకుని పదకొండు సార్లు పొరపాటు ఎలా పడ్డారు?"

అక్క కొంగు సర్దుకుంది. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడే తనకీ తెలుస్తున్నట్టు మెల్లగా మాట్లాడింది.

"మీ కాగితం ఒక్కసారి చదివాను మాస్టారూ. తర్వాత ఇక చూడలేదు. మాటలు వాటంతట అవే వచ్చేశాయి. దీనికి గొంతు పోయినప్పుడు నేను ఆస్పత్రి వరండాలో నాలుగు రోజులు నిలబడ్డాను. నాకు ప్రార్థనలు రావు. మీ చర్చి మొహం కూడా నేను చూడలేదు. అయినా అడిగాను. దాని గొంతు దానికి ఇచ్చెయ్యి, నువ్వు కాకపోతే ఇంకెవరిని అడగను అని గోడకేసి చూస్తూ అడిగాను. అప్పుడు నీవు అని అడగలేదండీ, అలా అడగడం నాకు తెలీదు. మా అమ్మని అన్నం పెట్టమన్నా, జడ వెయ్యమన్నా నువ్వు అనే కదా అడిగాం. మీ పాట చదివితే ఆ వరండా గుర్తొచ్చింది. చెయ్యి అదే రాసేసింది. నేను అడ్డుపడలేదు."

పిట్ట అక్క వైపు తిరిగింది. ఇన్నాళ్ళుగా తనని సన్యాసి అని ఆటపట్టిస్తున్న అక్క, తనకంటే ముందే ఆ తలుపు తట్టి వచ్చిందని ఆవిడకు ఇప్పటిదాకా తెలియదు. "నాకెందుకు చెప్పలేదు" అని అడిగింది.

"చెబితే నెత్తికెక్కుతావని" అంది అక్క. ఆవిడ కళ్ళు మాత్రం తడిశాయి.

మాస్టారు ఒకసారి నీవు అని పాడి వినిపించమన్నారు. పిట్ట మైకు గదిలోకి వెళ్ళింది. పుస్తకం తీసుకోలేదు. సౌండాయన మీటలు సర్దాడు, డ్రమ్ము మొదలైంది, పిట్ట కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. మొదటి అక్షరం దగ్గరే దీర్ఘం చక్కగా విచ్చుకుని గదంతా నిండింది. ఎక్కడా తొట్రుపాటు లేదు. పదకొండు చోట్లా పదకొండు నీవులు, కడిగి తుడిచి పెట్టినంత శుభ్రంగా. ఒక్క దఫాలో పాట పూర్తయింది. ఇంతకంటే మీకేం కావాలి అన్నట్టు అక్క మాస్టారి వైపు చూసింది, కాస్త పొగరుగానే.

"అక్షరం తప్పు లేదు" అన్నారు మాస్టారు. "ఇది నేను రాసిన పాటే. ఇప్పుడు ఇందాకటిది పెట్టండి."

సౌండాయన పెట్టాడు. ఇందాక అందరూ తప్పు కోసం విన్నారు. ఇప్పుడు పాట కోసం విన్నారు. నువ్వు అన్న మాటలో సాగదీయడానికి చోటు లేదు. పెదాలు వెంటనే మూసుకుపోతాయి. అందుకని పిట్ట అక్కడ మైకుకి ఇంకా దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి, పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచింది. ఆ మనిషి పలుకుతాడన్న నమ్మకం ఆ పిలుపులో ఉంది. అక్క నిన్న పక్కనే నిలబడి పేజీ తిప్పుతూ కూడా ఇది వినలేదు. పని ధ్యాసలో పడి పాట వినలేదు. ఇప్పుడు విని, తన చెల్లెలు ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ పాడలేదని తెలిసి, పొంగిపోయింది.

పాట అయిపోయింది. మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు, తొందరగా మాత్రం పెట్టుకోలేదు.

"అమ్మాయ్" అన్నారు, "నువ్వు ఏమనుకుని పాడావు?"

అక్క చెవి ఆ మాట దగ్గర ఆగిపోయింది. మనవరాలిని కూడా మీరు అనే మనిషి.

"ఏమీ అనుకోలేదు మాస్టారూ" అంది పిట్ట. "అక్క రాసింది, నేను పాడాను. నాకు తేడాగా అనిపించలేదు. గొంతు పోయి పడుకున్నప్పుడు ఆయన అంత దగ్గరలోనే ఉన్నాడనిపించేది."

"మా ఆవిడ పోయినప్పుడు నేను దేవుడికి నాలుగు పద్యాలు రాశాను" అన్నారు మాస్టారు. "ఛందస్సు ఎక్కడా తప్పలేదు. నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. ఎందుకో ఇప్పటిదాకా తెలియలేదు." కలానికి మూత పెట్టబోయి ఆగారు. "ఆదివారం నువ్వే పాడమ్మా. నువ్వు అనే పాడు."

పిట్ట వంగి ఆయన చేతులు పట్టుకుంది. అక్క పుస్తకం గుండెలకి హత్తుకుంది, ఆ పదకొండు ఎర్ర సున్నాలతో సహా. బీరువాలో ఇక ముందు ఎవరికైనా మొదట చూపించేది ఈ పుస్తకమే అనుకుంది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండును. కానీ మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. సౌండాయన ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"ఎవరది?" అంది అక్క.

సౌండాయన నీళ్ళు నమిలాడు. "పొద్దున పాస్టరుగారు ఫోన్ చేశారక్కా, పాట ఎలా వచ్చిందని. బాగా వచ్చింది, నీవు అన్నచోట నువ్వు అని ఉంది, అదే కొత్తగా ఉందని అన్నాను. అంతే. ఇంకేం అనలేదు."

ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. ఇవాళ నానకుండా బయటపడింది ఈ నువ్వు. అక్క ఏదో అనబోయింది గానీ ఈలోగా తలుపు తెరుచుకుంది.

పాస్టరుగారు లోపలికి వచ్చారు, వెనక ఇద్దరు సంఘ పెద్దలు. ఆ ఇద్దరూ మొదటినుంచీ పిట్ట పాడటానికి ఒప్పుకోనివాళ్ళే. నిన్నటిదాకా స్టేజీ ఎక్కి గంతులేసిన మనిషి దేవుడి ముందు నిలబడటమేమిటని సంఘం నిండా చెప్పి వచ్చినవాళ్ళే. ఇప్పుడు వాళ్ళ ముఖాల్లో మేం చెప్పలేదా అన్న తృప్తి కనిపిస్తోంది. పాస్టరుగారు మెత్తటి మనిషి. అందరినీ పలకరించి, మాస్టారి జ్వరం సంగతి అడిగి, కుర్చీలో కూర్చున్నాక అసలు మాట ఎత్తారు.

"పాటలో ఒక మాట మారిందట. పెద్దలు బాధపడుతున్నారు. రాసినవారిని అడగకుండా దేవుడి పాటలో మాట మార్చినవారు ఎవరైనా సరే, ఆదివారం వేదిక ఎక్కరు. వాళ్ళ మనుషులూ ఎక్కరు. అలా అని నేను పెద్దలకి మాట ఇచ్చే మెట్లెక్కాను. ఇప్పుడు చెప్పండి, నువ్వు అని రాసింది ఎవరు?"

అక్క ఒక అడుగు ముందుకేసింది. తను ఒప్పుకుంటే పిట్ట పాట పోతుంది. ఒప్పుకోకపోతే నింద నేరుగా పిట్ట మీదే పడుతుంది. ఎటు చూసినా పాట పోయేలాగే ఉంది. పిట్ట అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది, చెప్పకు అన్నట్టో, నేను చెబుతాను అన్నట్టో తెలియలేదు.

"నేను" అన్న మాట వినిపించింది.

అన్నది అక్క కాదు, పిట్టా కాదు. మాస్టారు ఎర్ర కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకుంటున్నారు.

"రాసింది నేనే. నా పాటలో మాట మార్చే హక్కు నాకుంది కదండీ పాస్టరుగారూ."

డెబ్బై ఎనిమిదేళ్ళలో ఆ మనిషి అబద్ధమాడగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. పాస్టరుగారు చాలాసేపు ఆయన ముఖంలోకి చూశారు. తర్వాత చేతిలోని బైబిలు తెరిచి, మధ్యలోంచి నాలుగు మడతల కాగితం తీసి, విప్పి, బల్ల మీద పరిచారు. పది రోజుల కిందట మాస్టారు స్వయంగా తెచ్చి ఇచ్చిన ప్రతి అది. గుండ్రటి అక్షరాలతో మొదటి పంక్తిలోనే నీవు అని ఉంది. అడుగున ఆయన సంతకం ఉంది.

"చిన్నప్పుడు మీ క్లాసులో ఒకసారి నేను అబద్ధం చెప్పాను. మీరు కొట్టలేదు, నా రాత నా ముందు పెట్టి ఊరుకున్నారు" అన్నారు పాస్టరుగారు నెమ్మదిగా. "ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నాను. ఈ రాత ఎవరిది మాస్టారూ?"